షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది?

ప్రతి ఏడాదీ నవంబరు 19న దివిసీమలో బంతిపూల దండలకు గిరాకీ ఉంటుంది. పులిగడ్డ దగ్గర, 1977 ఉప్పెనలో పోయినవారి స్మారక స్తూపం ముందు పొద్దుటి నుంచీ కార్లు ఆగుతూనే ఉంటాయి. దిగినవాళ్ళు దండ వేస్తారు, కాసేపు తల వంచుకుని నిలబడతారు, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి మా నాయనమ్మను అక్కడికి తీసుకువెళ్ళాను. తీసుకువెళ్ళమని ఆవిడే అడిగింది. అప్పటికి డెబ్భైకి దగ్గర పడింది, మోకాళ్ళు పట్టేసేవి, ఆటో దిగడానికే అయిదు నిమిషాలు పట్టింది.

ఆ శనివారం సాయంత్రం సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆవిడ ఆరేళ్ళ మా నాన్నను చీరతో నడుముకు కట్టుకుని, ఇంటి వెనక తుమ్మచెట్టును కరిచిపట్టుకుని రాత్రంతా గడిపింది. తెల్లవారేసరికి ఊరు లేదు. ఆవిడ తోడికోడలు, ఆమె ఇద్దరు పిల్లలు కడకు దొరకనే లేదు. తుమ్మముళ్ళు గీసిన గీతలు నాయనమ్మ ముంజేతుల మీద చివరిదాకా తెల్లగా కనిపించేవి. ఉప్పెన గురించి ఎవరైనా అడిగితే ఆవిడ ఏమీ చెప్పేది కాదు, చేతులు చాపి చూపించేది.

మేం స్తూపం దగ్గర ఉండగానే అధికారంలో ఉన్న పార్టీ నాయకుడొకరు వచ్చారు. రెండు నిమిషాల మౌనం అన్నారు. అర నిమిషానికే ఎవరి జేబులోనో ఫోను మోగింది, మౌనం అయిపోయింది. చనిపోయినవారి త్యాగం వృథా కాదని ఆయన ప్రసంగించారు. (ఉప్పెనలో కొట్టుకుపోవడం త్యాగం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. పోయినవాళ్ళను ఎవరూ అడిగి తీసుకుపోలేదు.) ఆయన కారు వైపు తిరుగుతుండగా నాయనమ్మ పిలిచింది.

“బాబూ, మా ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది?”

ఆయనకు అర్థం కాలేదు. “ఏ తాళం అమ్మా?”

“తుపాను వస్తే వెళ్ళి దాక్కోమని కట్టించారు కదా, ఆ మేడ. మొన్న వాయుగుండం అన్నప్పుడు వెళితే తాళం వేసి ఉంది. లోపల ఎవరివో ఎరువు బస్తాలున్నాయట. ఎవరి దగ్గరుందో చెబితే ముందే అడిగి పెట్టుకుంటాం.”

“కనుక్కుంటానమ్మా” అని ఆయన పక్కనున్న మనిషి వైపు చూశారు. పక్కనున్న మనిషి ఫోనులో ఏదో రాసుకుంటున్నట్టు వేలు కదిపాడు. కారు తలుపు పడింది.

చట్టసభల్లో సంతాప తీర్మానాలు చదువుతున్నారనీ, బాధితుల కోసం బిల్లు పెడుతున్నారనీ వార్త చూసినప్పుడల్లా నాకు ఆ తాళం గుర్తొస్తుంది. సంతాపం తెలపడం బూటకం అనే రకం మనిషిని కాను నేను. ఒక సభ పని మానుకుని లేచి నిలబడటం చిన్న విషయం కాదు. పోయినవాళ్ళు లెక్కలోని మనుషులే అని రాజ్యం ఒప్పుకునే క్షణం అది. దివిసీమలో సుమారు పది వేల మంది పోతే, వాళ్ళలో చాలామందికి రేషను కార్డు మీద తప్ప ఎక్కడా పేరు లేదు. అలాంటివాళ్ళ కోసం ఒక ముఖ్యమంత్రి, ఒక మంత్రి తల వంచుతున్నారంటే నాకు గౌరవమే. నా గొడవంతా ఆ తరవాతి సంగతి గురించి.

మన ఇళ్ళలో పోయినవాళ్ళ ఫొటోకు దండ వేసి ఊరుకోరు. ఏడాది తిరిగేసరికి తద్దినం పెడతారు. ఆ ఆచారం లేని ఇళ్ళలో పెద్దలకు పెట్టుకుంటారు. ఏ పద్ధతైనా అందులో చాకిరీ ఉంటుంది. తెల్లవారుజామున లేవాలి, మడి కట్టుకోవాలి, వాళ్ళకు ఇష్టమైనవి వండాలి, పిలిచినవాళ్ళు తిని చెయ్యి కడుక్కునేదాకా ఇంటివాళ్ళు ముద్ద ముట్టకూడదు. అందుకే ఆ మాటలో విసుగు కూడా చేరింది. కొని తెచ్చుకున్న తద్దినం అంటాం. విపత్తు తరవాత ఒక సభ చట్టం చేసిందంటే అది అలా కొని తెచ్చుకున్న తద్దినమే. మళ్ళీ ఏడాదికి అదే తేదీన ఆ సభే కూర్చుని, పోయినవాళ్ళ పేరు చెప్పి మేం ఒప్పుకున్న పని ఎంతవరకు వచ్చిందో వడ్డించి చూపాలి. దండ ఒక్కటే వేసి వెళ్ళే సభ, తద్దినం రోజున ఫొటోకు దణ్ణం పెట్టుకుని హోటల్లో భోంచేసి వచ్చిన కొడుకులాంటిది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వయనాడు.

2024 జూలై 30 తెల్లవారక ముందే వయనాడులో కొండ విరిగి పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఊళ్ళ మీద పడింది. దాదాపు 300 మంది పోయారు. గుర్తుపట్టడానికి వీల్లేని దేహాలను, దొరికిన దేహ భాగాలను పుత్తుమలలో వరసగా పాతిపెట్టి, ఒక్కోదానికి ఒక్కో నంబరు వేశారు. అన్ని మతాల ప్రార్థనలూ చేశారు, ఎందుకంటే ఎవరు ఏ మతంవారో చెప్పగలిగే మనిషి మిగల్లేదు. డీఎన్‌ఏ పరీక్షలు తేలేకొద్దీ కొన్ని నంబర్లకు పేర్లు వచ్చాయి. ఆ రాళ్ళ ఫొటో చూసినప్పుడు నాకు మా నాయనమ్మ తోడికోడలు గుర్తొచ్చింది. ఆవిడకు నంబరైనా లేదు.

మర్నాడు, జూలై 31న, పార్లమెంటు ఉభయ సభల్లోనూ వయనాడు మీదే చర్చ. పార్టీలకతీతంగా సభ్యులు కన్నీళ్ళ మాటలు మాట్లాడారు. వారం ముందే హెచ్చరిక పంపామని కేంద్ర హోం మంత్రి అన్నారు, అది సరికాదని కేరళ ముఖ్యమంత్రి అన్నారు. ఆ వాగ్వాదంలోకి నేను వెళ్ళను. ఆ మర్నాడు, ఆగస్టు 1న, విపత్తు నిర్వహణ చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టారు. పైకి చూస్తే ఎంత చక్కగా కుదిరింది! కొండ కింద ఇంకా శవాలు తీస్తుండగానే, విపత్తుల చట్టాన్ని బలపరిచే బిల్లు సభ ముందుకు వచ్చింది.

బిల్లులో పనికొచ్చేవి ఉన్నాయి. రాజధాని నగరాలకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టవచ్చన్నారు. రాష్ట్రాలకు సొంత విపత్తు స్పందన దళాలు, విపత్తుల సమాచార భాండాగారం (డేటాబేస్) వగైరా కూడా ఉన్నాయి. బిల్లు సభకు వచ్చిన సరిగ్గా నెల రోజులకు బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళలో మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చినప్పుడు, విజయవాడలాంటి ఊరికి అలాంటి సంస్థ ఎందుకు కావాలో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

కానీ అదే బిల్లులో ఒక చిన్న వాక్యం ఉంది. పాత చట్టంలోని 13వ సెక్షన్ తొలగించాలని.

2005 నాటి చట్టంలో 12, 13 సెక్షన్లు పక్కపక్క ఇళ్ళలాంటివి. పన్నెండోది, బాధితులకు ఇవ్వాల్సిన కనీస సాయం ఏమిటో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సిఫారసు చేయాలి అంటుంది. తిండి, నీళ్ళు, తలదాచుకునే చోటు, వైద్యం, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు, పోయిన ప్రాణానికి పరిహారం అన్నీ అందులోకే వస్తాయి. పదమూడోది, విపత్తు తీవ్రమైనదైతే బాధితుల అప్పుల చెల్లింపులో ఊరట గానీ, సులువైన షరతులతో కొత్త అప్పులు గానీ ఇమ్మని అదే సంస్థ సిఫారసు చేయవచ్చు అంటుంది. మొదటిదాంట్లో ‘చేయాలి’, రెండోదాంట్లో ‘చేయవచ్చు’. ఈ రెండు మాటల మధ్య తేడా వ్యాకరణం పాఠంలో తేలేది కాదు. కోవిడ్ మృతుల కుటుంబాలకు పరిహారం ఇవ్వడం తప్పనిసరి కాదని కేంద్రం వాదించినప్పుడు, 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆ పన్నెండో సెక్షన్‌లోని ‘చేయాలి’ దగ్గరే ఆగింది. ‘చేయాలి’ అంటే చేయాల్సిందేనని చెప్పి, మార్గదర్శకాలు తెమ్మంది. ఆ తరవాతే ఒక్కో మరణానికి 50 వేల రూపాయలు ఖరారైంది. పోయిన మనిషికి 50 వేలు ఏ మూలకు అనవచ్చు. మా ఊళ్ళో ఒక ఆటో డ్రైవరు భార్య ఆ డబ్బుతో కుట్టుమిషను కొనుక్కుని రెండేళ్ళు ఇల్లు నడిపింది. 2005లో ఎవరో ముసాయిదా రాసేటప్పుడు పెట్టిన ఒక్క క్రియాపదం ఆమె ఇంటిదాకా నడిచి వచ్చింది.

మళ్ళీ పదమూడుకు వస్తాను. వయనాడులో ఇల్లు, పొలం, దుకాణం, ఆటో అన్నీ మట్టిలో కలిసిపోయిన మనుషులకు వాటి మీద తీసుకున్న అప్పులు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. విపత్తు జరిగిన కొన్నాళ్ళకే, ప్రభుత్వం వేసిన తక్షణ సాయం సొమ్ములోంచి ఒక బ్యాంకు కిస్తీ కోసుకుందని గోల లేచింది. సహకార రంగంలోని కేరళ బ్యాంకు తన చూరల్‌మల శాఖ బాకీలు తానే మాఫీ చేసుకుంది. మిగతా బ్యాంకుల సంగతి ఏమిటని కేరళ హైకోర్టు అడిగింది. పదమూడో సెక్షన్ కింద జాతీయ సంస్థ సిఫారసు చేయవచ్చు కదా అని కోర్టులో వాదన నడుస్తూనే ఉంది. ఈలోగా బిల్లు 2024 డిసెంబరులో లోక్‌సభ దాటింది, 2025 మార్చిలో రాజ్యసభ దాటింది, ఏప్రిల్ 9న అమల్లోకి వచ్చింది. ఆ తరవాత, రుణమాఫీకి సిఫారసు చేయడానికి చట్టంలో ఇప్పుడు ఆ సెక్షనే లేదని కేంద్రం కోర్టుకు చెప్పింది. వాయిదాలు వెనక్కి జరపడం, అప్పును తిరగరాయడం తప్ప మాఫీ మా చేతుల్లో లేదంది. కోర్టు మందలించింది, గట్టిగానే మందలించింది. మందలింపుతో బాకీ తీరదు.

వయనాడు వాళ్ళను దెబ్బతీయడానికే ఆ వాక్యం రాశారని నేను అనను. ముసాయిదా అంతకు చాలా ముందే సిద్ధమై ఉంటుంది, బిల్లులు రెండు రోజుల్లో పుట్టవు. నాకు కష్టం అనిపించేది అదే. జూలై 31న కన్నీళ్ళ మాటలు మాట్లాడిన సభకు ఆగస్టు 1 నుంచి మార్చి దాకా ఎనిమిది నెలల సమయం ఉంది. “నిన్న మనం ఎవరి కోసం బాధపడ్డామో వాళ్ళకు ఈ బిల్లులో ఏముంది, ఏం పోతోంది?” అని ఒక్కసారి చూసుకుంటే చాలు. ప్రతిపక్షం సవరణలు ఇచ్చింది, అవి వీగిపోయాయి. సభ సంతాపమూ సభ బిల్లూ ఒకే కప్పు కింద, ఒకదానితో ఒకటి పలకరింపు లేకుండా, ఎదురుపడి కూడా తెలియనట్టు వెళ్ళిపోయాయి. ఆ అప్పులన్నీ కలిపినా కొన్ని పదుల కోట్లే. పెద్ద పరిశ్రమల బాకీల రద్దు లెక్కల పక్కన అది చిల్లర.

అమెరికాలో ఇంకో రకం కథ నడిచింది. మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. 2025 జూలై మొదటి వారంలో ఆమె ఫోను చేసినప్పుడు గొంతు వణుకుతోంది. వాళ్ళ పాప అదే నెలలో వేసవి శిబిరానికి వెళ్ళాలి. జూలై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లోని కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో దాదాపు 26 అడుగులు పెరిగింది. ఒడ్డున ఉన్న క్యాంప్ మిస్టిక్ అనే ఆడపిల్లల శిబిరంలో పిల్లలూ, వాళ్ళను చూసుకునే యువతులూ కలిపి 27 మంది కొట్టుకుపోయారు. ఆ వరదల్లో రాష్ట్రంలో మొత్తం 130 మందికి పైగా పోయారు.

ఆ కౌంటీలో నది వెంట సైరన్లు లేవు. కాస్త దిగువన కంఫర్ట్ అనే చిన్న ఊళ్ళో ఉన్నాయి. అవి మోగాయి, జనం లేచి ఎత్తుకు వెళ్ళిపోయారు. ఆ ఊరివాళ్ళకు సైరన్ విలువ ఊరికే తెలియలేదు. 1987 జూలైలో అదే నది, అదే ఊరి దగ్గర, శిబిరం నుంచి తిరిగి వస్తున్న బస్సును ముంచి పది మంది పిల్లలను మింగింది. ఒక ఊరు తన చావులను గుర్తుపెట్టుకుంది, మిగతా కౌంటీలు ఖర్చు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాయి. 2025 వసంతంలోనే విపత్తు హెచ్చరికల వ్యవస్థకు డబ్బు ఇచ్చే బిల్లు ఒకటి టెక్సాస్ దిగువ సభ దాటి, సెనేటులో కదలక చచ్చిపోయింది. దానికి వ్యతిరేకంగా ఓటేసినవారిలో కెర్ కౌంటీ ప్రజాప్రతినిధి ఉన్నారు. వరద తరవాత, ఇప్పుడైతే నా ఓటు బహుశా వేరేలా ఉండేది అన్నారాయన. ఆ మాటకు ఆయన్ని తిట్టినవాళ్ళు చాలామంది. నాకైతే ఆ ఒప్పుకోలు మన దగ్గర వినని మాటలా అనిపించింది. మన నాయకుల్లో ఎవరైనా “ఆ బిల్లుకు నేను ఓటేయడం తప్పు” అన్నది ఎప్పుడు విన్నాం?

ఆగస్టులో ఆ పిల్లల తల్లిదండ్రులు సెనేటు కమిటీ ముందు కూర్చుని, బిడ్డల ఫొటోలు పట్టుకుని మాట్లాడారు. మా చెల్లెలు ఆ వీడియో చూస్తూ వంటింట్లో నేల మీద కూలబడిందట. వరద మైదానంలో శిబిరం గదులు ఉండకూడదు, ఖాళీ చేయించే ప్రణాళిక ఉండాలి, పనిచేసేవాళ్ళకు శిక్షణ ఉండాలి అని చట్టం వచ్చింది. ముప్పు ఉన్న చోట సైరన్లు పెట్టించే చట్టం కూడా అదే విడతలో. సెప్టెంబరు 5న, విపత్తు జరిగిన రెండు నెలలకు, తల్లిదండ్రులు నిలబడి చూస్తుండగా గవర్నరు సంతకం చేశారు. ఒక చట్టానికి పెట్టిన పేరులోనే ఆ 27 మందీ ఉన్నారు.

ఇందులో అంతా పవిత్రంగా జరిగిందని అనుకోవద్దు. అదే సమావేశాల్లో నియోజకవర్గాల హద్దులు తిరగరాసే బిల్లు కూడా పెట్టారు. దాన్ని అడ్డుకోవడానికి డెమోక్రాట్లు కోరం లేకుండా చేసి రాష్ట్రం విడిచి వెళ్ళిపోయారు. వరద బాధితులను గాలికొదిలారని వాళ్ళ మీద రిపబ్లికన్లు, వరద కన్నా నియోజకవర్గాల పటాలే ముఖ్యమయ్యాయని రిపబ్లికన్ల మీద వాళ్ళు. మన భాషలో దీనికి శవ రాజకీయం అని పేరుంది, అది ఏ దేశం సొత్తూ కాదు. ఖర్చు మోయలేమని శిబిరాల యజమానులు మొత్తుకున్నారు. మిస్టిక్ శిబిరం కట్టడాలు చాలావాటిని అంతకుముందు ఏళ్ళలో విజ్ఞప్తులు పెట్టుకుని అధికారిక వరద పటంలోంచి తీయించుకున్నారన్న సంగతి కూడా బయటపడింది. నదికి ఆ పటం చూపించే వీలు లేకపోయింది.

అయినా ఒక తేడా ఉంది. అక్కడ ఏడ్చినవాళ్ళూ బిల్లు రాసినవాళ్ళూ ఒకే గదిలో కూర్చున్నారు. గదులు వరద మైదానంలో ఉండకూడదన్న వాక్యం చదివేటప్పుడు ఎదురుగా ఆ గదిలో పడుకున్న పిల్ల తండ్రి ఉన్నాడు. మినహాయింపులు అడగడానికి నోరు లేవడం అంత తేలిక కాదు. వయనాడు తల్లి ఎవరైనా లోక్‌సభ గ్యాలరీలో కూర్చుని, పదమూడో సెక్షన్ తొలగింపు అన్న మాట చదువుతుండగా వింటే ఏమయ్యేది?

నాతో వాదించే స్నేహితుడొకడు ఉన్నాడు, వకీలు. “ఏడుపులో రాసిన చట్టం మంచి చట్టం కాదు” అంటాడు. వాడి మాటలో పస ఉంది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో జరిగిన ఘోరం తరవాత, మూడు వారాలు తిరగకుండానే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. పాలాభిషేకాలు జరిగాయి. రాష్ట్రపతి ఆమోదం దక్కనేలేదు. వేడి మీద చేసిన చట్టానికి అంతకన్నా ఉదాహరణ ఏం కావాలి అంటాడు వాడు.

మరి చల్లబడ్డాక చేసేవి ఎక్కడున్నాయి అని నేను అడుగుతాను. పశ్చిమ కనుమల్లో ఏ తాలూకాలు పెళుసుగా ఉన్నాయో కేంద్రం వేసిన గాడ్గిల్ కమిటీ 2011లోనే రాసింది. వయనాడులోని మూడు తాలూకాలూ, కొండ విరిగిన వైత్తిరితో సహా, అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలోనే ఉన్నాయి. తరవాత పరిధి తగ్గించి, 2014 నుంచి ఆ సున్నిత ప్రాంతాలను ప్రకటించే ముసాయిదా నోటిఫికేషన్లు కేంద్రం ఇస్తూనే ఉంది. గడువు తీరిపోతుంది, మళ్ళీ ఇస్తుంది. ఆరో ముసాయిదా వచ్చిన తేదీ 2024 జూలై 31. కొండ విరిగిన మర్నాడు. చల్లగా, నిదానంగా, ఆలోచించి చేయడానికి పదేళ్ళకు పైగా దొరికింది. వేడి తగ్గాక మన వ్యవస్థ ఆలోచించదు, నిద్రపోతుంది. నిజానికి విపత్తుల మీద మనకున్న చట్టాలన్నీ ఏడుపులోంచి పుట్టినవే. గుజరాత్ చట్టం భుజ్ భూకంపం తరవాత 2003లో, కేంద్ర చట్టం సునామీ తరవాత 2005లో. పుట్టుక తప్పు కాదు. పెంపకమే లేదు.

ఆ 2005 చట్టం పెంపకం ఎలా సాగిందో చూడండి. జాతీయ విపత్తు స్పందన దళం మరుసటి ఏడాదే ఏర్పడింది. ఇవాళ ఏ వరదలో చూసినా ఆ నారింజ రంగు దుస్తుల కుర్రాళ్ళే పడవ మీద కనిపిస్తారు. కానీ దేశం మొత్తానికి ఒక ప్రణాళిక ఉండాలని అదే చట్టం చెబితే, అది బయటికి వచ్చింది 2016లో. విపత్తు రాకముందే ముప్పు తగ్గించే పనులకు జాతీయ ఉపశమన నిధి పెట్టాలని 47వ సెక్షన్ చెబుతుంది. కరవు కేసులో సుప్రీంకోర్టు 2016లో గదమాయించినా అది ఏర్పడింది 2021 ఫిబ్రవరిలో. పదిహేనేళ్ళు! ఈ పదిహేనేళ్ళలో సునామీ వర్ధంతులు ఎన్ని జరిగాయో, ఎన్ని కొవ్వొత్తులు వెలిగాయో లెక్కేసుకోవచ్చు. ఏ డిసెంబరు 26న అయినా పార్లమెంటులో ఎవరైనా లేచి, ఆ నిధి సంగతి ఏమైందని అడిగి ఉంటే?

జపానువాళ్ళు దీన్ని వేరేలా చేస్తారు. 1923లో కాంటో భూకంపం వచ్చిన సెప్టెంబరు 1ని వాళ్ళు విపత్తుల నివారణ దినంగా పాటిస్తారు. ఆ రోజు దండలకన్నా కసరత్తులు ఎక్కువ. బడిపిల్లలు బల్లల కింద దూరుతారు, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయడం అభ్యాసం చేస్తాయి. 1959లో ఇసే అఖాతం తుపానుకు అయిదు వేల మందికి పైగా పోయాక 1961లో వాళ్ళు మూల చట్టం చేసుకున్నారు. విపత్తుల విషయంలో ఏం చేశామో ప్రభుత్వం ఏటా పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలని అందులోనే రాసుకున్నారు. అరవయ్యేళ్ళుగా ఆ శ్వేతపత్రం ఏటా వస్తూనే ఉంది. నేను తద్దినం అంటున్నది దీన్నే.

అలాంటి చట్టం మనకూ కావాలి అని రాయబోయి, మన చట్టం తీసి చూసి నాలుక కరుచుకున్నాను. మనకూ ఉంది. 70వ సెక్షన్. జాతీయ సంస్థ ఏటా తన పని గురించి పూర్తి వివరాలతో నివేదిక తయారు చేయాలి, దాన్ని పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. రాష్ట్ర సంస్థ కూడా అలాగే నివేదిక రాయాలి, దాన్ని రాష్ట్ర శాసనసభ ముందు పెట్టాలి. ‘చేయవచ్చు’ అని లేదు, ‘చేయాలి’ అనే ఉంది. పేపరు రోజూ మూలమూలలా చదివే అలవాటు నాది. ఆ నివేదిక మీద మన అసెంబ్లీలో ఒక పూట చర్చ జరిగిందని చదివిన జ్ఞాపకం ఒక్కటీ లేదు.

అందుకని నేను కోరేది కొత్త బిల్లు కాదు. నవంబరు 19కి దగ్గర్లో సభ ఎప్పుడు కూర్చుంటే అప్పుడు, ఉప్పెన మృతులకు సంతాపం తెలిపిన గంటలోనే, ఆ 70వ సెక్షన్ నివేదికను బల్ల మీద పెట్టి ఒక పూట మాట్లాడండి. తీరం వెంట షెల్టర్లు ఎన్ని, ఎన్నింటికి కప్పు కారుతోంది, ఎన్నింటిలో ఎవరి బస్తాలున్నాయి, ఎన్నింటి తాళం ఎవరి దగ్గరుంది. తెలంగాణ సభకు చెరువులూ నాలాలూ ఉన్నాయి, వాళ్ళ తేదీ వాళ్ళు చూసుకోవచ్చు. ఆ పూట గ్యాలరీలో తీరం ఊళ్ళ నుంచి ఓ పదిమందిని కూర్చోబెట్టండి. మాట్లాడనివ్వక్కర్లేదు, కూర్చోబెడితే చాలు.

షెల్టర్ల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే అవి పనిచేస్తాయి కాబట్టి. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుపానే మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. పోయినవారు వెయ్యిలోపు. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. అంతకు పదమూడేళ్ళ ముందు అదే తీరంలో పది వేలు. మధ్యలో వచ్చినవి హెచ్చరికలు, లారీలు, కాంక్రీటు మేడలు. నాయనమ్మ 1990లో అలాంటి మేడలోనే రెండు రాత్రులు గడిపింది. అక్కడ ఎవరో పిల్లకు పురుడు పోశారని, దానికి తుపాను అని ముద్దు పేరు పెట్టారని చెప్పేది. ఉప్పెన గురించి నోరు విప్పని మనిషి ఆ మేడ గురించి గంటల తరబడి చెప్పేది.

ఆవిడ పోయి ఇప్పటికి నాలుగేళ్ళు. పోయిన నవంబరులో ఊరికి వెళ్ళినప్పుడు షెల్టరు దగ్గరికి వెళ్ళాను. తాళం ఇప్పుడు అంగన్‌వాడీ ఆయా దగ్గర ఉంది, కొంగున ముడి వేసుకుని తిరుగుతుంది. అడగ్గానే వచ్చి తలుపు తీసింది. ఎరువు బస్తాలు లేవు. పిల్లల చాపలు ఒక మూల చుట్టి పెట్టి ఉన్నాయి, కప్పులో ఒకచోట పెచ్చు ఊడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. ఎదురు గోడ మీద నీలం రంగుతో అత్యవసర ఫోను నంబర్లు నాలుగు రాసి ఉన్నాయి. అక్కడే నిలబడి మొదటి నంబరుకు ఫోను చేశాను. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. రెండోదీ అంతే. మూడోది మోగింది, ఎత్తినాయన, తాను గుంటూరులో బట్టల కొట్టు నడుపుతాననీ, తుపాను వచ్చినప్పుడల్లా ఈ ఊరి నుంచి తనకు ఫోన్లు వస్తాయనీ చెప్పాడు.

ఆయా నవ్వింది. “అవి ఎప్పటివో బాబూ. మీ నంబరు చెప్పండి” అని నేల మీద పడి ఉన్న బొగ్గుముక్క తీసుకుని, నీలం అంకెల కింద, హైదరాబాదులో ఉండే నా ఫోను నంబరు గోడ మీద రాసుకుంది.